వేయని ఓటు – దాచిన సాక్ష్యం

సకల స్తోత్రాలకు, సమస్త కృతజ్ఞతలకు అర్హుడు అల్లాహ్ ఒక్కడే. ఆయన సహాయాన్నే మనం అర్థిస్తున్నాము. మన తప్పులకు, మన నిర్లక్ష్యాలకు ఆయన క్షమాభిక్షనే వేడుకుంటున్నాము. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, వారి కుటుంబీకులపై, వారి సహచరులందరిపై శాంతి శుభాలు వర్షించుగాక!

అమ్మా బాద్.

ప్రియమైన ధార్మిక సోదరులారా, తెర వెనుక వింటున్న తల్లులారా, సోదరీమణులారా! ముందుగా మాకు, ఆ తరువాత మీకు మేము చేసే హితవు ఒక్కటే: అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండండి. భయభక్తులు నమాజు చాపతో ఆరంభమవుతాయే కాని నమాజు చాపతో ముగిసిపోవు. అంగడిలో తూకం వేసేటప్పుడు, ఇంటిలో వాటాలు పంచేటప్పుడు, నలుగురిలో సాక్ష్యం చెప్పేటప్పుడు కూడా అవి మనతో ఉండవలసినవే.

గత ఎన్నికలు ముగిసిన వారంలో ఒక యువకుడు అసర్ నమాజు తరువాత మా దగ్గరకు వచ్చి, “హజ్రత్, ఓటు వేయకపోతే గునాహ్ ఉందా?” అని అడిగాడు. ఆ రోజున అతడు బెంగుళూరులో ఉండిపోయాడట. సెలవు ఉన్నది, రైలు ఉన్నది, అయినా బద్ధకించాడట. “నా ఒక్క ఓటుతో ఏమవుతుంది” అనుకున్నాడట. మేము అతనికి వెంటనే జవాబు చెప్పలేకపోయాము. అది ప్రపంచ వ్యవహారం కదా, మింబర్‌కు దానితో పని ఏమున్నదని మేము కూడా ఎన్నో ఏళ్లుగా ఊరకున్నవాళ్లమే. అతని ప్రశ్న మమ్మల్ని చాలా రోజులు వెంటాడింది. నేటి ప్రసంగం ఆ ప్రశ్నకు జవాబు.

జవాబు చెప్పే ముందు ఒక మాట స్పష్టం చేయాలి. ఏ పార్టీకి ఓటు వేయాలో, ఏ అభ్యర్థిని ఓడించాలో ఈ మింబర్ పై నుండి మేము చెప్పము. ప్రార్థనా స్థలాలను రాజకీయ ప్రచారానికి వాడరాదని 1988లో వచ్చిన ధార్మిక సంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం చెబుతోంది. మతం పేరిట, కులం పేరిట ఓటు అడగడం అవినీతికర చర్యేనని సర్వోన్నత న్యాయస్థానం 2017 జనవరిలో తీర్పు చెప్పింది. అయితే చట్టం లేకపోయినా మేము చెప్పము. ఈ సఫ్‌లలో భుజానికి భుజం కలిపి నిలబడినవారిలో అన్ని పార్టీల అభిమానులూ ఉన్నారు. ఇమామ్ ఒక పార్టీ జెండా పట్టుకుంటే, మరో పార్టీవాడు ఆ ఇమామ్ వెనుక ఏ మనసుతో నిలబడతాడు? సఫ్ చీలిపోతుంది. అభ్యర్థులు మస్జిద్ గేటు దగ్గర నిలబడి సలాం చెబితే మర్యాదగా బదులు చెప్పండి. గేటు లోపలికి మాత్రం ఎన్నికల ప్రచారాన్ని రానివ్వకండి.

సోదరులారా! ఓటు అంటే ఏమిటి? భారత ఉపఖండపు ప్రసిద్ధ ధర్మవేత్త ముఫ్తీ ముహమ్మద్ షఫీ గారు ఓటుకు మూడు స్వరూపాలు ఉన్నాయని వివరించారు. ఒకటి సాక్ష్యం, రెండవది సిఫారసు, మూడవది వకాలత్.

మొదటిది సాక్ష్యం. ఒక అభ్యర్థికి ఓటు వేశామంటే, ఈ మనిషి ఈ బాధ్యతకు యోగ్యుడు, నమ్మదగినవాడు అని మనం సాక్ష్యం చెప్పినట్లే. యోగ్యుడు కాడని తెలిసి కూడా వేస్తే అది అబద్ధపు సాక్ష్యం. అబద్ధపు సాక్ష్యాన్ని దైవప్రవక్త (స) ఘోర పాపాలలో ఒకటిగా లెక్కించారని బుఖారీ, ముస్లిం గ్రంథాలు తెలుపుతున్నాయి. సరే, సాక్ష్యం చెప్పకుండా ఇంట్లో కూర్చుంటే? సాక్ష్యాన్ని దాచిపెట్టే వాని హృదయం పాపభూయిష్టమైనదని బఖరా అధ్యాయం 283వ ఆయత్ హెచ్చరిస్తోంది. అక్కడ ప్రస్తావన అప్పు లావాదేవీలది. కొద్దిపాటి సొమ్ము విషయంలోనే సాక్ష్యాన్ని దాచరాదంటే, లక్షలాది మంది బతుకులను ఐదేళ్లపాటు నిర్ణయించే విషయంలో దాచవచ్చునా?

రెండవది సిఫారసు. మంచి విషయానికి సిఫారసు చేసినవానికి అందులో భాగం దక్కుతుందని, చెడ్డ విషయానికి సిఫారసు చేసినవానికి ఆ భారంలో వంతు వస్తుందని నిసా అధ్యాయం 85వ ఆయత్ సారాంశం. మనం ఎన్నుకున్న మనిషి బడి కట్టిస్తే ఆ పుణ్యంలో మనకొక పాలు. చెరువు కబ్జా చేస్తే, తెలిసి ఎన్నుకున్నవారికి ఆ పాపంలోనూ ఒక పాలు.

మూడవది వకాలత్. మన తరఫున మాట్లాడమని ఒకరికి అధికారం ఇవ్వడం. సొంత భూమి తగాదాకు వకీలును పెట్టుకునేటప్పుడు పదిమందిని విచారిస్తాము. ఊరందరి తరఫున వకీలును పెట్టేటప్పుడు విచారణ అక్కరలేదా? యోగ్యతకు కొలతలు కూడా దివ్య ఖుర్ఆన్ లోనే దొరుకుతాయి. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) ఈజిప్టు ధాన్యాగారాల బాధ్యతను అడిగినప్పుడు తన వంశాన్ని చూపలేదు. తాను కాపాడగలవాడినని, ఆ పని తెలిసినవాడినని చెప్పారు. హజ్రత్ మూసా (అలైహిస్సలాం)ను పనిలో పెట్టుకొమ్మని ఆ పెద్దాయనకు కుమార్తె సలహా ఇచ్చినప్పుడు ఆమె చూపిన కారణాలు రెండే: శక్తి ఉన్నవాడు, నమ్మకస్తుడు. అంటే పని చేతనవ్వాలి, చేయి శుభ్రంగా ఉండాలి. ఈ రెండింటిలో ఎక్కడా మన కులమా, మన వీధా, మన బంధువా అన్న ప్రశ్న లేదు.

కొందరు యువకులు మరో మాట అంటారు. ఈ వ్యవస్థ ఇస్లామీయ వ్యవస్థ కాదు కనుక ఇందులో పాల్గొనరాదని. వారి ధర్మావేశాన్ని మేము తక్కువ చేయము. కాని యూసుఫ్ ప్రవక్త బాధ్యత స్వీకరించింది విశ్వాసుల రాజ్యంలో కాదు. కరువు కాలంలో ఆయన బతికించింది అన్ని విశ్వాసాల ప్రజలనూ. మక్కా నుండి అబిసీనియాకు వలస వెళ్లిన సహాబాలు క్రైస్తవ రాజైన నజాషీ న్యాయబుద్ధిని నమ్ముకున్నారు. హజ్రత్ జాఫర్ (రజి) ఆ కొలువులో నిలబడి తమ వాదాన్ని వినిపించారు. మాట్లాడే అవకాశం ఉన్నచోట మౌనం వహించడం వారి మార్గం కాదు.

మరి ప్రజల మాట అడగడం, ప్రజల నుండి ప్రతినిధులను తీసుకోవడం మన చరిత్రలో ఉన్నదా? ఉన్నది. హిజ్రత్‌కు ముందు, రెండవ అఖబా ప్రమాణం జరిగిన రాత్రి, మదీనా నుండి వచ్చినవారిని తమలో నుండి పన్నెండు మంది ప్రతినిధులను తామే ఎన్నుకొమ్మని దైవప్రవక్త (స) కోరారు. ఖజ్రజ్ నుండి తొమ్మిది మందిని, ఔస్ నుండి ముగ్గురిని వారు ఎన్నుకున్నారు. ఆ రాత్రి ప్రమాణం చేసిన 75 మందిలో ఇద్దరు స్త్రీలు ఉన్నారు, హజ్రత్ నుసైబా, హజ్రత్ అస్మా (రజి). హజ్రత్ ఉమర్ (రజి) మరణానంతరం ఖలీఫాను నిర్ణయించే పని హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)పై పడినప్పుడు, ఆయన మదీనా వీధులలో తిరిగి పెద్దలను, సామాన్యులను, బాటసారులను అడిగారు. పరదా వెనుక ఉన్న స్త్రీల అభిప్రాయం సైతం తెలుసుకున్నారని చరిత్రకారులు రాశారు. పెద్దమనుషులు నలుగురు కూర్చొని తేల్చివేయగలిగిన విషయానికి ఆయన నిద్ర మానుకొని అంతమందిని ఎందుకు అడిగారు? అడగవలసిన హక్కు వారికి ఉన్నది కనుక.

మన ప్రాంతపు చరిత్రను కూడా ఒకసారి గుర్తు చేసుకుందాము. మన పాకాల ఒకప్పుడు మద్రాసు రాజధానిలో ఉండేది. 1919, 1935 చట్టాల కింద జరిగిన ఎన్నికలలో ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలు ఉన్నవారికే ఓటు. కూలి చేసుకొని బతికిన మన తాతలకు, వారి ఇంటి స్త్రీలకు ఓటు లేదు. 1909 సంస్కరణలతో వచ్చిన ప్రత్యేక నియోజకవర్గాలలో ముస్లింలు ముస్లింలకే ఓటు వేసేవారు. రాజ్యాంగం ఆ గోడలు తీసివేసింది. ఆస్తి ఉన్నా లేకపోయినా, చదువు వచ్చినా రాకపోయినా, పురుషుడైనా స్త్రీ అయినా ఒక మనిషికి ఒక ఓటు అన్నది. అప్పుడు 21 ఏళ్లు నిండినవారికి, 1989 నుండి 18 ఏళ్లు నిండినవారికి ఆ హక్కు ఉన్నది. ఇప్పుడు ఏ అభ్యర్థి అయినా అందరి గడప తొక్కవలసినదే. మనం కూడా ఏ అభ్యర్థిని అడిగినా మన వీధి కోసం మాత్రమే కాక అందరి కోసం అడగవలసినదే. దామలచెరువు మండీలో మామిడి ధర పడిపోతే నష్టపోయేది ఒక మతం రైతు కాదు. నీళ్లు రాని కొళాయికి కులం లేదు.

ఇక మన పరిస్థితి చూద్దాము. 2024 మే 13న జరిగిన ఎన్నికలలో మన రాష్ట్రంలో పోస్టల్ బ్యాలెట్లతో కలిపి 81.86 శాతం ఓట్లు పోలయ్యాయి. దేశమంతటా కలిపి చూస్తే అది దాదాపు 66 శాతమే. పక్కనే ఉన్న హైదరాబాదు లోక్‌సభ స్థానంలో సగం మంది కూడా ఓటు వేయలేదు. ఎండలు మండే మే నెలలో, బెంగుళూరు నుండి, చెన్నై నుండి, హైదరాబాదు నుండి కిక్కిరిసిన బస్సులలో, రైళ్లలో వచ్చి ఓటు వేసి వెళ్లిన రాష్ట్రం మనది. ఇది సంతోషించదగిన విషయం.

అయితే రాష్ట్రం లెక్క వేరు, మన మహల్లా లెక్క వేరు. ఆ ఎన్నికల తరువాత మేము, కమిటీ పెద్దలు కలిసి ఇంటింటికీ వెళ్లి ఎవరు వేశారు, ఎవరు వేయలేదు అని అడిగాము. ఎవరికి వేశారని అడగలేదు. విన్న జవాబులలో నాలుగు రకాలు కనిపించాయి. మొదటివారు పేర్లే లేనివారు. 18 నిండి రెండేళ్లు గడచినా నమోదు చేసుకోని పిల్లలు, పెళ్లయి వచ్చి ఐదేళ్లయినా పేరు పుట్టింటి ఊరిలోనే ఉండిపోయిన కోడళ్లు. రెండవవారు దూరాన ఉన్నవారు. బెంగుళూరులో మెకానిక్ షెడ్లలో ఉన్నవారు, కువైట్‌లో డ్రైవర్లుగా ఉన్నవారు. మూడవవారు నిరాశపడినవారు. “ఎవరు వచ్చినా మన బతుకు ఇంతే కదా హజ్రత్” అన్నవారు. నాలుగవవారి జవాబు మమ్మల్ని ఎక్కువగా బాధించింది. “మా ఓట్లు పెద్దాయన చూసుకుంటారు” అన్నవారు.

నిరాశపడిన సోదరులకు ఒక మాట. ఒక్క ఓటుతో ఏమవుతుందని అంటారు. 2004లో మన పొరుగు రాష్ట్రం కర్ణాటకలోని సంతెమరహళ్లిలో ఒక అభ్యర్థి ఒకే ఒక్క ఓటుతో ఓడిపోయారు. 2014లో మన రాష్ట్రంలోనే మంగళగిరి ఫలితం 12 ఓట్లతో తేలింది. 2019లో విజయవాడ సెంట్రల్ ఫలితం 25 ఓట్లతో తేలింది. 12 మంది అంటే మన మస్జిద్‌లో ఒక సఫ్ కూడా నిండదు. శాసనసభ స్థానాలే ఇలా తేలితే, పంచాయతీ వార్డులలో రెండు మూడు ఇళ్లవారు ఇంటి నుండి కదలకపోవడమే ఫలితాన్ని మార్చవచ్చును. అయినా గెలుపు ఓటములు మన చేతిలో లేవు. సాక్ష్యం చెప్పడం వరకే మన బాధ్యత. తీర్పు ఎలా వచ్చినా సాక్షి తన పని తాను చేయవలసినదే.

వేయని ఓటు ఖాళీగా ఉంటుందని కూడా అనుకోవద్దు. 2021 ఏప్రిల్ 17న తిరుపతి లోక్‌సభ ఉప ఎన్నిక జరిగినప్పుడు దొంగ ఓట్ల గురించి ఎంత అలజడి రేగిందో మీకు తెలుసు. ఓటరు గుర్తింపు కార్డులను అక్రమంగా డౌన్‌లోడ్ చేసిన వ్యవహారంలో తరువాతి కాలంలో అధికారులపై చర్యలు కూడా తీసుకున్నారు. కాపలా లేని తోటలో కాయలు ఎవరివి?

సోదరులారా! మన చంద్రగిరి నియోజకవర్గంలోనే జరిగిన మరొక సంగతి ఉన్నది. దానిని మనం మరచిపోకూడదు. 2019 ఏప్రిల్ 11న పోలింగ్ జరిగింది. కొన్ని పల్లెలలో దళితులను ఓటు వేయనివ్వలేదని ఫిర్యాదులు వెళ్లాయి. ఎన్నికల సంఘం వాటిని పరిశీలించి, నియోజకవర్గంలోని ఏడు పోలింగ్ కేంద్రాలలో మే 19న మళ్లీ పోలింగ్ జరిపించింది. పులివర్తివారిపల్లె, కమ్మపల్లె, వెంకట్రామాపురం వంటి పేర్లు ఆ రోజుల్లో దేశమంతా వినిపించాయి. అది రమజాన్ మాసం. మనం ఉపవాసాలలో ఉన్నాము. ఇఫ్తార్ దగ్గర కూర్చొని ఆ వార్తలు చెప్పుకున్నాము. ఎవరు ఫిర్యాదు చేశారు, ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని వాదించుకున్నాము. మేము కూడా ఆ వాదనలు విన్నవాళ్లమే. కాని ఒక మనిషి తన హక్కును వినియోగించుకోవడానికి పోలీసు బందోబస్తు కావలసి వచ్చిందే, మన పొరుగువానికి ఈ గతి పట్టిందే అని ఎంతమందిమి బాధపడ్డాము? మన వీధిలో మన ఓటుకు అడ్డు రాలేదు కనుక అది మన బాధ కాలేదు. పొరుగువాని హక్కు గురించి దైవప్రవక్త (స) చేసిన ఉపదేశాలు అన్నం కూరల వరకేనా? న్యాయం విషయంలో దృఢంగా నిలబడమని, అది మీకే వ్యతిరేకమైనా, మీ తల్లిదండ్రులకే వ్యతిరేకమైనా అలాగే నిలబడమని నిసా అధ్యాయం 135వ ఆయత్ ఆదేశిస్తోంది. ఓటు వేయకుండా ఒకరిని అడ్డుకుంటుంటే, అడ్డుకుంటున్నది మనకు నచ్చిన పార్టీవారే అయినా సరే, మనం అడ్డుకోబడినవారి పక్షాన నిలబడాలి. ఆ పల్లెలలో ఓటుకు నోచుకోని మనిషి ఓటు విలువను మనకంటే బాగా ఎరిగినవాడు. ఎవరూ అడ్డుకోకపోయినా ఇంట్లో కూర్చున్న మనం అతనికి ఏమని చెబుతాము?

ఇప్పుడు చేదు విషయానికి వస్తున్నాము. డబ్బు. ఎన్నికకు ముందు రాత్రి గడప గడపకూ కవర్లు తిరుగుతాయి. ఇది చట్టరీత్యా నేరమని అందరికీ తెలుసు. ధర్మరీత్యా ఇది లంచం. లంచం ఇచ్చేవానినీ పుచ్చుకునేవానినీ దైవప్రవక్త (స) శపించారని అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉన్నది. “వాళ్ల సొమ్ము కాదు కదా, మన సొమ్మే మనకు ఇస్తున్నారు” అని కొందరు సమర్థించుకుంటారు. మన సొమ్మే అయితే దొంగ చేతి మీదుగా పుచ్చుకోవడం ఎందుకు? రెండు వేల రూపాయలు ఇచ్చారనుకుందాము. ఐదేళ్లకు దాదాపు 1,826 రోజులు. రోజుకు రూపాయి పది పైసలు కూడా పడదు. మన సాక్ష్యానికి మనమే కట్టుకున్న వెల అది! తరువాత వీధి దీపం వెలగలేదని అడగబోతే, కొన్న సరుకుకు మాట్లాడే హక్కు ఉంటుందా?

ఇంతకంటే చెడ్డ పద్ధతి ఒకటి నడుస్తోంది. డబ్బు ఇచ్చి దేవుని మీద ప్రమాణం చేయించుకోవడం. కొందరు ముస్లిం ఇళ్లలో ఖుర్ఆన్ మీద చేయి వేయించారని విన్నాము. ఒక వృద్ధురాలు మా దగ్గరకు వచ్చి కన్నీళ్లు పెట్టుకున్నారు. “మనసు ఒకరికి వేయమంటోంది, ఒట్టు మరొకరికి వేశాను, ఏం చేయను బాబూ” అని అడిగారు. అటువంటి వారందరికీ చెబుతున్నాము. చెడ్డ పనికి చేసిన ప్రమాణం మిమ్మల్ని ఆ చెడ్డ పనికి కట్టిపడవేయదు. ప్రమాణం చేసిన తరువాత దానికంటే మేలైనది కనిపిస్తే, మేలైనదే చేసి ప్రమాణానికి పరిహారం చెల్లించమన్నది దైవప్రవక్త (స) బోధన. ఆ పరిహారం మాయిదా అధ్యాయం 89వ ఆయత్‌లో ఉన్నది. పదిమంది పేదలకు భోజనం పెట్టాలి, లేదా బట్టలు ఇవ్వాలి. అందుకు శక్తి లేనివారు మూడు రోజులు ఉపవాసం ఉండాలి. పుచ్చుకున్న సొమ్ము తిరిగి ఇచ్చేయండి. భయపడవద్దు. మీ ఓటు ఎవరికి పడిందో చెప్పగల మనిషి ఎవరూ లేరు. చట్టం ఓటు రహస్యాన్ని కాపాడుతోంది. ఆ అద్దంలో ఏడు క్షణాలు కనిపించే చీటీని చూసేది మీరు, మీ ప్రభువు మాత్రమే.

ఆఖరుగా, “మా ఓట్లు పెద్దాయన చూసుకుంటారు” అన్నవారి సంగతి. ఓటు బ్యాంకు అనే మాట మీరు వినే ఉంటారు. సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1950లలో ఆ మాటను వాడుకలోకి తెచ్చారు. పల్లెలో ఒక పెద్దమనిషి తన మీద ఆధారపడినవారి ఓట్లను మూటగట్టి అభ్యర్థికి అప్పగించడాన్ని ఆయన గమనించారు. నేడు ఆ మాటను మనకు తగిలించి మాట్లాడుతున్నారని మనం నొచ్చుకుంటాము. కాని కొన్ని ఇళ్లలో, కొన్ని వీధులలో మన చేతులతో మనమే మూట కట్టి ఇస్తున్నాము కదా! కలిసి కూర్చొని ఆలోచించడం మంచిది, అది షూరా. ఒకడు మాట్లాడుకొని వచ్చి మిగిలినవారికి ఆజ్ఞ ఇవ్వడం షూరా కాదు. భర్త భార్యకు, మామ కోడలికి గుర్తు చెప్పి పంపడం కూడా షూరా కాదు. ప్రళయ దినాన ఆమె సాక్ష్యానికి ఆమెనే అడుగుతారు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ పరదా వెనుక నుండి అడిగి తెలుసుకున్న మాటను మీరు ఇంట్లోనే అణచివేయవద్దు.

స్వేచ్ఛగా ఆలోచించినప్పుడు అభిప్రాయాలు వేరవుతాయి. వేరు కానివ్వండి. మన పాకాల జంక్షన్‌లో తిరుపతి వెళ్లేవారు, కాట్పాడి వెళ్లేవారు, ధర్మవరం వెళ్లేవారు ఒకే ప్లాట్‌ఫారం మీద కూర్చుంటారు. ఒకరి బిడ్డకు ఒకరు నీళ్లు ఇస్తారు. నీవు నా రైలు ఎక్కడం లేదని ఎవరూ ఎవరితో మాట్లాడడం మానుకోరు. మన మహల్లాలో ఇద్దరు అన్నదమ్ములు చెరొక పార్టీ జెండా పట్టుకొని, ఫలితాలు వచ్చిన రోజు టపాకాయల దగ్గర తగవు పడి, ఒకరి ఇంటి పెళ్లికి ఒకరు వెళ్లలేదు. వారు ఎవరో మేము చెప్పము. ఇద్దరూ ఈ రోజు ఇక్కడే ఉన్నారు. ఒక విశ్వాసి తన సోదరునితో మూడు రోజులకు మించి మాట్లాడకుండా ఉండడం ధర్మసమ్మతం కాదని, ఇద్దరిలో ముందుగా సలాం చేసినవాడే ఉత్తముడని దైవప్రవక్త (స) చెప్పారు. నాయకులు పార్టీలు మారుతూనే ఉంటారు. తల్లి కడుపున పుట్టిన అన్నను మార్చుకోగలమా? ఈ రోజు సున్నత్‌లు ముగిసిన తరువాత ఎవరు ముందు లేచి వెళతారో అల్లాహ్ చూస్తున్నాడు.

ఆ యువకుని ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెబుతున్నాము. బాబూ, కారణం లేకుండా సాక్ష్యాన్ని దాచావు. దీనికి పశ్చాత్తాపం చెందు. పశ్చాత్తాపానికి గుర్తు ఏమిటంటే, ఈసారి నీవు రావాలి, నీతోపాటు ఇంకొకరిని తీసుకురావాలి.

ఈ మాటలు పలికి, మాకూ మీకూ, విశ్వసించిన స్త్రీపురుషులందరికీ అల్లాహ్ క్షమాభిక్షను అర్థిస్తున్నాము. మీరు కూడా అర్థించండి. నిశ్చయంగా ఆయన క్షమించేవాడు, కరుణించేవాడు.

రెండవ ఖుత్బా

సర్వ స్తోత్రాలు అల్లాహ్‌కే. ఆయన ప్రవక్తపై శాంతి శుభాలు కురియుగాక!

సోదరులారా! విన్న మాట పనిలోకి రాకపోతే అది మనకు వ్యతిరేకంగా సాక్ష్యమవుతుంది. కనుక చేయవలసిన పనులు కొన్ని చెబుతున్నాము.

మన మండలం 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో చేరింది. అయినా శాసనసభకు మనం ఓటు వేసేది చంద్రగిరికి, లోక్‌సభకు చిత్తూరుకు. ఈ విషయంలో తికమక పడుతున్నవారు ఉన్నారు. 18 నిండినవారు ఫారం 6 ఇవ్వాలి. ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హత తేదీలు ఉన్నాయి, కనుక మరో జనవరి దాకా ఆగనక్కరలేదు. అత్తవారింటికి వచ్చిన కోడళ్లు, ఇల్లు మారినవారు, పేరులో తప్పు ఉన్నవారు ఫారం 8 ఇవ్వాలి. ఉర్దూ పేర్లు తెలుగులో రాసేటప్పుడు ఆధార్‌లో ఒక తీరుగా, ఓటరు జాబితాలో ఒక తీరుగా పడతాయి. వాటిని ఇప్పుడే సరిచేయించుకోండి. చనిపోయిన మన పెద్దల పేర్లు ఫారం 7 ఇచ్చి తీయించండి. వారి పేరున మరొకరు ఓటు వేస్తే అది వారి ఆత్మకు అవమానం. విదేశాలలో ఉన్న భారత పౌరులు ఫారం 6ఏతో నమోదు చేసుకోవచ్చును, కాని ఓటు వేయడానికి స్వయంగా రావలసి ఉంటుంది. సెలవులు తీసుకునేటప్పుడు ఇది గుర్తుంచుకొమ్మని కువైట్‌లో ఉన్న మీ పిల్లలకు చెప్పండి.

పోలింగ్ రోజున కార్మికులకు వేతనంతో కూడిన సెలవు చట్టం ఇచ్చిన హక్కు. శాసనసభ, లోక్‌సభ ఎన్నికలలో 85 ఏళ్లు దాటినవారికి, 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నవారికి ఇంటి వద్దనే ఓటు వేసే సదుపాయం ఉన్నది. ముందుగా దరఖాస్తు చేసుకోవాలి. బురఖాలో వచ్చే స్త్రీల గుర్తింపును మహిళా సిబ్బంది చూసే ఏర్పాటు కోరవచ్చును, కనుక పరదా పేరు చెప్పి ఎవరూ ఆగిపోవద్దు. మీరు వెళ్లేసరికి మీ ఓటు మరెవరో వేసి ఉంటే గొడవపడి వెనుదిరగకండి. టెండర్ ఓటు ఇవ్వమని అధికారిని అడగండి, అది మీ హక్కు. ఏ అభ్యర్థీ నచ్చకపోతే 2013 నుండి నోటా మీట ఉన్నది. అది కూడా గడప దాటి వచ్చి చెప్పే మాటే.

వచ్చే ఆదివారం జుహర్ తరువాత మస్జిద్ పక్కన ఉన్న మదరసా గదిలో చదువుకున్న పిల్లలు కూర్చొని ఈ ఫారాలు నింపడంలో సహాయం చేస్తారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారైనా తెలుగు మాట్లాడేవారైనా రండి. పొరుగు వీధులలోని హిందూ, క్రైస్తవ సోదరులను కూడా పిలవండి. అక్కడ ఏ పార్టీ మాటా వినబడరాదు. వినబడితే ఆ మనిషిని మేమే బయటకు పంపుతాము.

ఓ అల్లాహ్! మాకు సత్యాన్ని సత్యంగా చూపించు, దానిని అనుసరించే శక్తినివ్వు. మా సాక్ష్యాలను నిర్మలం చేయి. అమానతును యోగ్యులకు అప్పగించే వివేకాన్ని మాకు ప్రసాదించు. మమ్మల్ని పాలించేవారి హృదయాలలో నీ భయాన్ని, ప్రజలపట్ల దయను నింపు. ఓ అల్లాహ్! మా ఊరిలో, మా రాష్ట్రంలో, మా దేశంలో శాంతిని నిలుపు. బలహీనుల హక్కులను కాపాడు, ఆ పనిలో మమ్మల్ని సాధనాలుగా చేయి. అలిగి దూరమైన మా సోదరుల హృదయాలను కలుపు. వానలు కురిపించు, మా చెరువులు నింపు, మా రైతుల కష్టానికి తగిన ఫలమివ్వు. వ్యాధిగ్రస్తులకు స్వస్థతను, మరణించిన మా పెద్దలకు మన్నింపును ప్రసాదించు. ఆమీన్.

లేవండి, సఫ్‌లు సరిచేసుకోండి. మధ్యలో ఖాళీ వదలకండి.